కలలో మనిషికి మీసం

హారన్ కొట్టుకో అన్నా, ఎంతసేపు కొట్టుకుంటావో కొట్టుకో. నాలుగు మాటలు చెప్పందే నేను నీ స్కూలు వ్యానుకి అడ్డం తప్పుకోను.

ఆ చూపేంటి? నీ గురించి అందరికీ చెప్పానని కోపమా? ఉంటుందిలే. మరి నా కూతురు నిద్రలో కెవ్వుమని లేస్తుంటే చేతులు కట్టుకుని కూర్చోవాలా? ఐదేళ్ల పిల్ల అన్నా! ఒళ్ళంతా చెమట. దగ్గరికి తీసుకుంటే దాని గుండె దడదడా కొట్టుకోవడం నాకు తెలిసేది.

నేను ఊరుకునే రకం కాదు. బట్టల షాపు గేటు దగ్గర వచ్చేపోయేవాళ్ళ సంచులు వెతికే ఉద్యోగం నాది. నవ్వుతూ పోయేవాణ్ణే ముందు ఆపుతాను. అలవాటైపోయింది, ఏం చెయ్యను? అందుకే పిల్ల లేవగానే లైటేసి, కూర్చోబెట్టి అడిగేదాన్ని. ఎవరొచ్చారే కలలోకి? ఆడా, మగా? మగ. మీసం ఉందా? ఉంది. లావా, సన్నమా? లావు. చేతిలో ఏంటి, కర్రా? కర్ర.

ఇంకేముంది! లావుగా, మీసంతో, దాన్ని రోజూ రెండు పూటలా ఎక్కించుకుని తిప్పేది ఎవరు? నువ్వేగా? పైగా చాక్లెట్లు. ఊరికే ఎవరిస్తారన్నా చాక్లెట్లు? నాకు ఒళ్ళు మండిపోయింది. దాన్ని నీ వ్యాను మాన్పించి ఊరుకోలేదు, మిగతా తల్లుల చెవిన కూడా వేశాను. అవును, నేనే వేశాను. చూస్తున్నాగా, సీట్లన్నీ ఖాళీ.

ఇంతకీ మీసమేది? తీసేశావా? పిల్లలు భయపడుతున్నారనా? అయ్యో! మొన్నటిదాకా అయితే, తప్పు చెయ్యనివాడు మీసమెందుకు తీస్తాడని దానికీ ఓ వంక వెతికేదాన్ని.

మొన్న రాత్రి మా ఆయనకి విసుగొచ్చింది. నేను ఎప్పట్లాగే మీసం దగ్గర మొదలుపెట్టాను. ఆయన మధ్యలో దూరి, "తోక ఉందామ్మా?" అన్నాడు. ఉందంది. "కొమ్ములో?" ఉన్నాయంది. "గొడుగేసుకుని వచ్చాడా?" వేసుకునే వచ్చాడట! పిచ్చిది, నేను వదిలితే పడుకుందామని అడిగినదానికల్లా తలూపుతోంది. ఆ కలలో మనిషిని రాత్రికింత చొప్పున తయారుచేసింది నేను!

మా ఆయన లైటు తీసేసి, దాని పక్కన నడుం వాల్చి, "నేనున్నాగా, పడుకో" అని మెల్లగా జోకొట్టాడు. అంతే. ఎవరు, ఏంటి అని ఒక్క ముక్క అడగలేదు. కాసేపటికే నిద్రపోయింది. నిన్న కూడా ఉలిక్కిపడింది కానీ, వీపు మీద చెయ్యేస్తే అటు తిరిగి పడుకుంది.

అందుకే వచ్చాను. ఇంటింటికీ వెళ్ళి చెప్తాను, తప్పు నాదేనని. తిట్టినా పడతాను. పిల్లలంతా మళ్ళీ నీ వ్యానెక్కుతారు.

నా కూతురా? అది మాత్రం అడక్కన్నా.

దానికి నయమైంది, ఇప్పుడు నాకు వస్తోంది కల. వ్యాను వెళ్ళిపోతుంటుంది, వెనకద్దంలోంచి అది చెయ్యూపుతుంటుంది, నేనెంత పరిగెత్తినా అందదు. నువ్వు కాదని తెలుసు. తెలిసి కూడా లేచి కూర్చుంటున్నాను. నన్నెవరు జోకొడతారు చెప్పు? దాన్ని స్కూలుకి నేనే నడిపించుకుపోతాను. ఏమనుకుంటావో అనుకో.