పండగ రొట్టెకి ఎవరి చేతులు

ఇలా పొయ్యి దగ్గరికి జరగండి, గొంతు పెంచి చెప్పే సంగతి కాదిది. మా వీధి స్తామెంకా, ఆమె కోడలు స్లాజన, పునీత నికోలా పండగకి ముందురోజు పొద్దున్నే వంటింట్లో చెప్పుకున్న మాటలివి. పన్నెండు రోజుల కిందట పునీతుడి పటం కాలిపోయిన మూల, గోడకి మసి ఇంకా వదల్లేదు.

"పిండి జల్లించి పెట్టాను అత్తయ్యా. ఫాదర్ ఆశీర్వదించి ఇచ్చిన నీళ్లు ఆ సీసాలో ఉన్నాయి. ఇక మీరు కలపండి."

"నన్నెందుకు కలపమంటావు? ఇరవై ఏళ్లుగా పండగ రొట్టె నీ చేతిదేగా."

"ఈ ఏడు వద్దన్నాడుగా మీ అబ్బాయి. పునీతుడి పటం కాల్చిన చెయ్యి పిండిలో పెట్టొద్దన్నాడు. మీరూ అక్కడే ఉన్నారు."

"ఉన్నాను."

"విన్నారు."

"విన్నాను. నా చెవులకేం, బాగానే ఉన్నాయి. పనిచెయ్యనిది నోరు."

"ఏంటి?"

"ఏం లేదు. పొయ్యిలో ఇంకో మొద్దు వెయ్యి."

"ఇందాక అన్నారు, ఇందాకే వేశాను."

"నీ చెయ్యి మానిందా?"

"మానుతోంది. పిండి, అత్తయ్యా."

"ఏదీ, చూపించు."

"చూసేదేముంది, పొక్కులు ఎండిపోయాయి. మంట మీద తడి కంబళి వేస్తుంటే తగిలింది, అంతే. కానివ్వండి, చేపలు కూడా కడగాలి. సాయంత్రానికి మా అమ్మ దిగుతుంది."

"వస్తోందా? రానందని విన్నానే."

"రాకపోతే ఇంకా బాగోదని వస్తోంది. దీపం వెలిగించాక దగ్గర ఉండాలని మీ కూతురికి నేర్పలేదా అని మీ అబ్బాయి ఫోన్లో అడిగాడు కదా. క్షమాపణ చెప్పింది."

"మీ అమ్మ చెప్పిందా? వాడికి?"

"డెబ్బై ఏళ్ల మనిషి. తప్పయింది బాబూ అందట."

"దేవుడా."

"మీరెందుకు కూలబడ్డారు? నడుమా?"

"నడుము కాదు. స్లాజనా, ఆ రోజు పటం ముందు దీపంలో నూనె ఎంత పోశావు?"

"కొంచెమే. పొద్దున ప్రార్థనకి సరిపడా."

"అయితే పదికల్లా ఆరిపోయుంటుంది."

"ఆరిపోయే ఉంటుంది."

"మంట లేచింది పన్నెండింటికి. ఆ మాట మా అబ్బాయి గొరాన్‌తో ఎందుకనలేదు?"

"మీరెందుకు అనలేదు?"

"నేనా? నాకేం తెలుసు. నేను పక్కింటి లెపోసావా ఇంట్లో కాఫీ తాగుతున్నా."

"సరే, వదిలెయ్యండి. చేతులు కడుక్కోండి."

"కడిగాను."

"కడగలేదు."

"కడుగుతాలే. కరెంటు సిగరెట్టని, ఆవిరి పీల్చేది, ఒకటుంటుంది, విన్నావా?"

"విన్నాను. ఇప్పుడెందుకది?"

"మన లెపోసావా కొనుక్కుంది."

"లెపోసావమ్మా? ఆవిడకి సూపు ఆవిరి తగిలితేనే దగ్గొస్తుంది."

"అయితే లెపోసావా కాదు. ఎవరో ఒకావిడ."

"ఎవరావిడ?"

"పేరెందుకు నీకు, సంగతి విను. పొగాకు బడ్డీలో పిల్ల లేదూ, జుట్టుకి ఎర్రరంగేసుకుంటుంది, అది ఆవిడకి వివరంగా చెప్పింది. దీని తీగతోనే దీనికి చార్జింగు పెట్టమ్మా, ఫోన్ల మొద్దు చార్జరు తగిలించావంటే బ్యాటరీ ఉడికిపోతుంది అంది. బట్ట మీద పెట్టకు, పింగాణీ పళ్లెంలో పెట్టు అంది. పక్కనే ఉండు, దాని చిన్న లైటు ఆకుపచ్చగా అయ్యాక తీసెయ్యి అంది. కింద పడి సొట్టపోతే డబ్బు పోతేపోయింది, మళ్లీ వాడకు అంది."

"మంచి పిల్లే."

"మంచి పిల్ల. తల్లికి చెప్పినట్టు చెప్పింది. నేను అన్నిటికీ తలూపి, కోళ్ల దొడ్లో రాయి మీద పడేసి సొట్టపోగొట్టి, దాన్నే తీసుకెళ్లి పటం కింద లేసుగుడ్డ మీద పెట్టి కాఫీకి పోయాను."

"మీరా?"

"ఆవిడ."

"అత్తయ్యా."

"నేనే. ఇంకెవరు. నేనే."

"మామయ్య పోయిన నలభయ్యో రోజున మీరు పటం మీద చెయ్యి వేసి సిగరెట్టు మానేస్తానన్నారు. గొరాన్ ఏడ్చాడు ఆ రోజు."

"సిగరెట్టు మానేశానమ్మా, నిజంగా మానేశాను. ఇది సిగరెట్టు కాదు, ఉత్త ఆవిరని పునీతుడికి నచ్చజెప్పుకున్నాను. ఆయన వెనకే దాచాను. వాడు ఇల్లంతా వెతికినా ఆయన వెనక వెతకడని."

"పన్నెండు రోజులు."

"పన్నెండు రోజులు. నిన్ను వాడు అందరి ముందూ కడిగేస్తుంటే తల వంచుకుని చారు తాగాను. అదీ నువ్వు కాచిన చారు. కాలిన చేత్తో వడ్డించావు. ఇంకొంచెం ఉప్పు వేసి ఉండాల్సిందని కూడా అన్నాను."

"అన్నారు."

"ఆ రాత్రి చెబుదామనుకున్నాను. తెల్లారాక అనుకున్నాను. తెల్లారేసరికి ఊరంతా దీపం వల్లే అనేసింది, నాకు సుఖంగా అనిపించింది. సుఖంగా, వింటున్నావా? డెబ్బై నాలుగేళ్లొచ్చాయి, ఇలాంటి మనిషినని నాకే తెలీదు."

"నీళ్లు తాగండి."

"వద్దు. ఈ చేతులు నేను పిండిలో పెట్టను. వాడు వెనక కట్టెలు కొడుతున్నాడు, వెళ్లి చెప్పేస్తాను."

"ఆగండి."

"ఇన్నాళ్లూ ఆగింది చాలు. వదులు కొంగు."

"వదలను. దాని తీగతోనే పెట్టమంది కదా బడ్డీ పిల్ల. మీరేది పెట్టారు?"

"నాది కుక్కపిల్ల కొరికేసింది. పటం వెనక ప్లగ్గుకి ఇంకోటి వేలాడుతోంది, గట్టిది, నల్లది. గొరాన్ ఫోనుదనుకుని తగిలించాను."

"గొరాన్ తీగ కారులోంచి ఇంట్లోకి ఎప్పుడొచ్చింది?"

"మరెవరిది?"

"కూర్చోండి."

"ఎవరిదే?"

"పునీతుడి వెనక వెతకడని నేనూ అనుకున్నానత్తయ్యా. మూడేళ్లుగా."

"నువ్వా?"

"ఆ పొద్దున నా కరెంటు సిగరెట్టు తీసుకుని తీగ ప్లగ్గులోనే వదిలేశాను. అదే అంటుకుందనుకున్నాను. అందరూ దీపం అంటుంటే నాకూ సుఖంగానే అనిపించింది. మా అమ్మ చేత తప్పయింది బాబూ అనిపించాను, నోరు మూసుకుని."

"అయ్యో పిచ్చితల్లీ."

"ఇప్పుడు నేనూ పిండి ముట్టను. ఎవరు కలుపుతారో చెప్పండి."

"గుడ్డ కప్పు పిండి మీద. కన్నీళ్లు పడుతున్నాయి, ఉప్పెక్కుతుంది. గొరాన్, ఒరే గొరాన్, గొడ్డలి పక్కన పెట్టి లోపలికి రా నాయనా. నేనూ మీ ఆవిడా నీకో సంగతి చెప్పాలి. ముందు నువ్వు మీ అత్తగారికి ఫోను కలుపు, ఆవిడ కూడా వినాలి."

ఇదీ జరిగింది. మరిచిపోకండి, పదిమందికి చెప్పండి. చెప్పేటప్పుడు బడ్డీ పిల్ల మాటలు ఒక్కటీ వదలకండి. అత్త పేరు చెబితే కోడలి పేరూ చెప్పండి, ఇద్దరిలో ఒక్కరినే దోషిగా నిలబెట్టి పోవద్దు.