సున్నా మరణాలు

చిన్న ఆస్పత్రిలో, టీకాల ఫ్రిజ్ పక్కన, నర్సుకి ఎదురుగా ఆమె ఆడపడుచు కూర్చుంది. జనన మరణాలు నమోదు చెయ్యడానికి ఆస్పత్రులకిచ్చిన టాబ్లెట్ కంప్యూటర్లు ఎంత మేలు చేశాయో నివేదిక రాయడం ఆ ఆడపడుచు ఉద్యోగం. ఇద్దరూ ఎదురుపడి ఏడాది దాటింది.

“రిపోర్టు మీద సంతకం పెట్టనంటే ఎలా వదినా?”

“వదినని ఇంట్లో. ఇక్కడ నర్సుని. మీరు మేడమ్.”

“సరే, నర్సుగారూ. టాబ్లెట్ రాకముందు ఏడాది నలుగురు పసిబిడ్డలు పోయారు. టాబ్లెట్ వచ్చాక ఒక్కరూ పోలేదు. మంచి మాట ఒప్పుకోడానికి నోరు చేదా?”

“ముగ్గురు పోయారు.”

“ఇందులో లేరే!”

“ఉండరు. బిడ్డ పేరు కొట్టందే అందులో ఫారం ముందుకి కదలదు. రెండ్రోజులకే పోయిన బిడ్డకి పేరెక్కడిది?”

“ఏదో ఒకటి కొట్టాల్సింది.”

“అడగడానికి వెళ్ళాను. మిషను కోసం నా బిడ్డకి పేరేంటని ఒకావిడ మొహానే తలుపేసింది.”

“పైవాళ్ళకి చెప్పొచ్చుగా?”

“మూడుసార్లు చెప్పాను. నీకు వాడటం రాదు, ట్రైనింగ్‌కి రా అన్నారు.”

“అంటే మొత్తం దండగేనా? కాగితాలకి చెదలు పట్టినప్పుడే బాగుందా?”

“టీకాలు గుర్తుచేస్తుంది, కాదన్లేదు. పోయినవాళ్ళని మాత్రం మింగేస్తుంది. అదీ రాయండి.”

“రాస్తే పథకం ఆగిపోతుంది. ఈ రిపోర్టు బాగుంటే ఇంకో నాలుగొందల ఆస్పత్రులకి ఇస్తారు.”

“అబ్బో! ఇంకో నాలుగొందల చోట్ల పిల్లలు చావడం మానేస్తారన్నమాట.”

“వెటకారం చాలు. నా మీద కోపం రిపోర్టు మీద చూపిస్తున్నావు. నీ కడుపు పోయినప్పుడు రాలేదనేగా?”

“ఆ మాటెత్తకండి.”

“ఎత్తుతాను! నెలలు నిండకుండానే కడుపులోనే పోయింది, నువ్వొచ్చి చేసేదేముందని అన్నయ్యే అన్నాడు. నన్నేం చెయ్యమంటావు?”

“కడుపులోనే అన్నాడా?”

“ఆ. అలాగే అన్నాడు. ఏం?”

“ఆ టాబ్లెట్లో సగంలో ఆగిపోయిన ఫారాలుంటాయి. మూడోది తెరవండి.”

“తెరిచాను... తల్లి పేరు దగ్గర నీ పేరుందేంటి? వదినా, ఇదేంటి?”

“మూడ్రోజులు బతికింది. నా పాలు తాగింది. పేరు కొట్టబోతే నాకు చెయ్యి రాలేదు. మేనత్తవి కదా, నువ్వు పెట్టు.”