గూట్లో చెరువు

పాండురంగం సేటు బాలప్ప హోటల్ బల్ల మీద కూచున్నాడన్న మాటేగానీ, ప్రాణమంతా రోడ్డవతల ఫ్యాక్టరీ గేటు లోపల నిలబడ్డ తెల్ల వ్యాను మీదే ఉంది. వ్యాను నిండా ఐస్‌క్రీం. పటాన్‌చెరులో, మే నెల ఎండలో. సదాశివపేటలో పెద్ద రైతు ఇంట పెళ్లి, పగటి పంక్తిలో చివర ఐస్‌క్రీం నాదీ అని మాటిచ్చి వచ్చాడు. సంగారెడ్డి బజారులో తాతల నాటి నుంచి బెల్లం, చింతపండు అమ్ముతున్న కొట్టుకి ఇది మొదటి ఐస్‌క్రీం బేరం. ఇది చెడితే రేపట్నించి బజారులో తలెత్తుకు తిరగలేడు. వ్యాను కింద మొదటి చుక్క పడడం అతను కళ్లారా చూశాడు.

ఇంతకీ వ్యాను ఎందుకు ఆగిందయ్యా అంటే, అది లోపల లేదు గనక. ఉంది, కానీ గేటు కంప్యూటరు లేదంటోంది. నిన్న సాయంత్రం బయటికి పోయిందట, ఇంకా తిరిగి రాలేదట. పొద్దున వెనక గేటు నుంచి వచ్చి, సరుకు నింపుకొని నిలబడ్డ బండి లోకానికంతా కనబడుతోంది, ఒక్క కంప్యూటరుకి తప్ప. వాచ్‌మన్ పెంటయ్య చెడ్డవాడేం కాదు. "బయటున్న బండికి బయటికి పొయ్యే పాసు ఎట్లియ్యాలె సేటూ?" అని ఎంతో మర్యాదగా అడిగాడు. పాలపొడి మూటలు మాయమైన కాడి నుంచి కంప్యూటరు ఏది చెబితే అదే వినాలని మేనేజరు హుకుం. "దాని సంగతి కంప్యూటర్ సారుకే ఎరుక. ఎదురుంగ హోటల్ల కూసున్నడు, పా, నాకూ చాయ్ తాగేదున్నది" అని వెంటబెట్టుకొచ్చాడు.

ఆ కంప్యూటర్ సారు పేరు రాజేశం. వాళ్లు వచ్చేసరికే మాటల్లో ఉన్నాడు. మాటల్లో ఉండగా అడ్డొస్తే అలుగుతాడని, అలిగితే ఆ పూటకి పని ముట్టడని బాలప్ప సేటు చెవిలో ఊదాడు. సేటు కోపం మింగి చాయ్ చెప్పాడు.

"పెద్ద పనేం గాదు బాలప్పా, చిన్నదే," అని రాజేశం వినయంగా మొదలుపెట్టాడు. ఆ వినయం అంతవరకే. "మా లెక్కలన్నీ ఆబిడ్స్‌ల హెడ్డాఫీసు సర్వర్ల ఉంటయి. గీడ గేటు కాడ బండి నంబర్ కొట్టినమనుకో, అది ఫోన్ తీగల పడి ఆబిడ్స్ దాంక పోవాలె, అడగాలె, మళ్ల రావాలె. నడుమ లింగంపల్లి కాడ లైన్ కట్టయితే ఇగ అంతే సంగతి. లారీలు ముత్తంగి దాంక బారు కట్టేటియి. మరి నేనేం జేసిన? ఇంట్ల అగ్గిపెట్టె యాడ పెట్టుకుంటవ్ నువ్వు?"

"గూట్ల," అన్నాడు బాలప్ప.

"ఆఁ! పొయ్యి ముట్టిచ్చినప్పుడల్ల దుకాన్‌కు ఉరుకుతవా? ఉరకవు. గట్లనే గేటు కంప్యూటర్లనే ఒక గూడు కట్టిన. ఇంగ్లీషుల ఆబ్జెక్ట్ క్యాష్ అంటరు తీ. ఆబ్జెక్ట్ అంటే మూట అనుకో. బండి నంబరు, డ్రైవర్ పేరు, లోడు, లోపటున్నదా బయటికి పొయిందా, అన్నీ కలిపి ఒక్క మూట. ఆబిడ్స్ నుంచి ఒక్కపారి వచ్చిన మూటని గూట్ల పడేస్త. మళ్ల అడిగితే ఆబిడ్స్ ముచ్చటే లేదు, గూట్లకెల్లి తీసి ముందట పెడ్తది. బటన్ మీదికెల్లి ఏలు లేవకముందే జవాబు!"

సేటుకి ఇది బాగానే అర్థమైంది. అతనూ గోదాము సరుకులోంచి కొంత తీసి కొట్లో ముందు డబ్బాల్లో పోసుకుంటాడు. కాకపోతే రోజూ పొద్దున్నే మూత తీసి, పాడైందేమోనని ఒక పలుకు నోట్లో వేసుకుంటాడు. ఈ పిల్లవాడు ఆ పలుకు సంగతి ఎప్పుడెత్తుతాడా అని ఎదురుచూశాడు. ఎత్తలేదు.

"మంచిగున్నది సారూ. జెర నా బండి సంగతి..."

"ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా సేటూ? గూడు ముదిరింది! అడగకముందే చెప్పుడు షురూ జేసింది. లారీ కంది కాడ మలుపు తిరుగుతుంటెనే గీడ పాసు అచ్చయి బయటికొచ్చేది. ఒక డ్రైవర్ అయితే ఇంక ఇంట్ల దుప్పటి కప్పుకొని పండుకునే ఉన్నడు. 'నీ పాసొచ్చింది, లే' అని ఫోన్ వస్తే వాడు పరేషాన్!"

"ఫోన్ ఎవరు జేసిండ్రు సార్?" అని పెంటయ్య అడిగాడు.

"ఇంకెవరు? గూడే!"

వ్యాను కింద చుక్కలు ధార కట్టాయి. డ్రైవరు నర్సింహ తలుపు సందుల్లో గోనెపట్టాలు కుక్కుతూ, సేటు వైపు చూసి చేతులు తిప్పాడు. సేటు చూపు తిప్పుకున్నాడు. చూస్తే ఏడుపొచ్చేలా ఉంది.

"ఇగ ఆబిడ్స్ సర్వర్‌కు పనే లేకపాయె," రాజేశం రెండో చాయ్ అందుకున్నాడు. "అడిగేటోడు దిక్కులేడు. ఆఫీసోళ్లు దాని మీద టిఫిన్ డబ్బాలు పెట్టుకునుడు మొదలువెట్టిండ్రు. ఒకనాడు ఆ సర్వరే నాకు ఫోన్ జేసి, 'రాజేశం సారూ, నన్నేం అడుగుతలేరు, నా మీద కోపమా?' అని ఒకటే ఏడుపు."

"ఆడ గొంతా సారూ, మొగ గొంతా?" బాలప్పకి అనుమానమొచ్చింది.

"ఏడ్చేటప్పుడు ఏం తెలుస్తదయ్యా! గదంత ఇడిసిపెట్టు. అమీన్‌పూర్ చెరువు ముచ్చట చెప్త ఇను. నిండు వానకాలం, చెరువు మత్తడి దుంకుతున్నది. నేనేం జేసిన? మొత్తం చెరువునే మూట గట్టి గూట్ల పెట్టిన. నీళ్లు, చేపలు, కట్ట, కట్ట మీది తుమ్మచెట్లు, అంతా ఒక్క ఆబ్జెక్టు! ఎండకాలమొచ్చింది. అసలు చెరువు ఎండి నెర్రెలు వాసింది. గూట్ల చెరువు మాత్రం తొణికిసలాడుతున్నది! కొంగలకు ఎట్ల ఎరుకైందో ఏమో, ఎండల పడి ఎగురుకుంట వచ్చి గేటు కిటికీ మీద వరుసగ కూసున్నయి. కంప్యూటర్ తెర మీద చేపలనుకొని ముక్కుతోని ఒకటే పొడుసుడు! లక్డారం రైతులు మోటరు పైపులు భుజానేసుకొని వచ్చిండ్రు. సారూ, జెర మా మడికి ఇడువుమని కాళ్లు వట్టుకున్నరు. ఇడిసిన! నాటు పడ్డది, పంట పండింది. కీబోర్డు తడిసింది గాని, నేను పట్టిచ్చుకోలే."

సేటు మెల్లగా గ్లాసు కింద పెట్టాడు. "అసలు చెరువు ఎండినా, నీ గూడు నిండుగున్నదనే చెప్తదా?"

"చెప్తది! దాని గొప్పతనమే గది. ఒక్కపారి అన్న మాట మార్చది."

"మళ్ల పొయి చూసి రాదా?"

"చూసొచ్చేదుంటే గూడెందుకు సేటూ?" అని రాజేశం జాలిగా నవ్వాడు.

తన వ్యాను ఎక్కడ చిక్కుకుందో సేటుకి అప్పుడు తెలిసింది. గేటులో కాదు, ఇదిగో ఈ కోతలరాయుడి గూట్లో. నిన్న సాయంత్రపు మూటలో బయట తిరుగుతూ హాయిగా ఉంది. అతను నోరు తెరిచేలోగానే పెంటయ్య అమాయకంగా బుర్ర గోక్కున్నాడు.

"సార్, గా కొంగలు ఏ ఎండకాలం వచ్చినయి? గూడు మీరు నిన్న పగటాల్లనే గద పెట్టింది? నాకు చూపిచ్చి మిఠాయి గుడ పెడ్తిరి."

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం," అని బాలప్ప పొయ్యితో చెప్పుకున్నాడు.

"ఇగ లే సారూ," అన్నాడు సేటు. "నా బండి నీ పాత మూటల ఉన్నది. తీసి బయట పారెయ్యి. ఆడ పంక్తి లేచేటట్టున్నది."

"నిమిషం పని. గూడు ఖాళీ చేస్తే అయిపాయె," అని రాజేశం చొక్కా సర్దుకొని రోడ్డు దాటాడు. పెంటయ్య ముందే పోయి, గేటు గదిలో సారు కార్డు నంబరు కొట్టి, తెర వంక చూసి, గేటుకి అడ్డంగా ఉన్న కట్టె లేపకుండా నిలబడ్డాడు.

"సార్, మీరు లోపటనే ఉన్నరు."

"ఏంది?"

"పొద్దుగాల వచ్చిండ్రు, ఇంక బయటికి పోలేదంటున్నది. చాయ్‌కి పొయేటప్పుడు నేను కొట్టిన, అది ఆబిడ్స్‌కు పొయింది. గూడు మాత్రం పొద్దుటి మాటే అంటున్నది. లోపటున్న మనిషిని లోపటికి ఎట్ల ఇడువాలె?"

"నీ కండ్లు కనపడ్తలేవా? ఎదురుంగ నేనే గద!"

"నా కండ్లను నమ్మొద్దని నిన్న మీరే చెప్తిరి గద సార్. మేనేజర్ సారును అడుగుదమంటే ఆయన సదాశివపేట పెండ్లికి పొయిండు."

ఐస్‌క్రీం కోసం ఎదురుచూసేవాళ్లలో ఆయనా ఉన్నాడన్నమాట. మాటలతో కోటలు దాటిన రాజేశం కాలు ఫ్యాక్టరీ గడప దాటలేక అక్కడే ఆగింది. అరిచాడు, బతిమాలాడు, తన ఫొటో కార్డు చూపించాడు. పెంటయ్య కార్డు చూసి, తెర చూసి, తల అడ్డంగా ఊపాడు. సేటుకి ఒళ్లు మండుతున్నా బేరగాడి బుర్ర ఊరుకోలేదు.

"పెంటయ్యా, కంప్యూటర్ల ఎట్లున్నది? వ్యాను బయట, సారు లోపట. అంతేనా?"

"అంతే సేటూ."

"మరి ఇప్పుడు? వ్యాను లోపట, సారు బయట. అంటే కంప్యూటర్ తప్పు గాదు, మనదే తప్పు. ఉండాల్సిన జాగల మనం లేం. కట్టె లేపు, ఎవల జాగల వాళ్లని పెట్టు. బయటున్న బండికి పాసు గుడ అక్కెర లేదు."

పెంటయ్య ముఖం వెలిగిపోయింది. కట్టె లేచింది. వ్యాను బయటికొచ్చింది, రాజేశం లోపలికి పోయాడు, కట్టె పడింది. ఆ రోజు మొదటిసారి గేటు కంప్యూటరు నిజం చెప్పింది.

"పై పెట్టెలు పొయినయి సేటూ, అడుగువి గట్టిగనే ఉన్నయి," అన్నాడు నర్సింహ.

"ఇస్నాపూర్ల ఐసుగడ్డలు ఎక్కిద్దాం, పోనియ్యి," అన్నాడు సేటు. ఎక్కబోతూ ఆగి, నీళ్లయిపోయిన డబ్బా ఒకటి తీసుకొని గేటు గది కిటికీ దగ్గరికి వెళ్లాడు. లోపల రాజేశం తల వంచుకొని బటన్లు కొడుతున్నాడు. డబ్బాని అతని ముందు పెట్టాడు.

"ఏంది సేటూ ఇది?"

"ఐస్‌క్రీం. నీ గూట్ల పెట్టు సారూ, ఆడైతే కరగది. నీకు వద్దనుకుంటే కొంగలకు పొయ్యి. పాపం, ఎండల పడి వచ్చినయి."