పొదలో ఆగిన పరీక్ష

వాన వెలిసిన రోడ్డు. మలుపు దగ్గర పొదలోకి ముక్కు దూర్చి ఆగిన కారు. స్టీరింగ్ వెనక డ్రైవింగ్ పరీక్షకు వచ్చిన ఆవిడ. పక్క సీట్లో పరీక్ష పెట్టే అధికారి.

"సార్... సార్! కళ్లు తెరవండి. అయిపోయింది."

"ఎవరం? మనమా?"

"మనం కాదు సార్, తిరగడం అయిపోయింది. కారు ఆగింది."

"నాకింకా తిరుగుతున్నట్టే ఉందే."

"తిరుగుతున్నది వైపరు. ఉండండి, ఆపేస్తాను."

"వద్దు! దేన్నీ ముట్టుకోకు. అమ్మా, నా కాళ్లున్నాయా?"

"రెండూ ఉన్నాయి. ఒక చెప్పు మాత్రం డాష్‌బోర్డు మీదుంది."

"ఛాతీ మీద ఎవరో మోకాలేసి నొక్కినట్టుంది."

"బెల్టు సార్. పెట్టుకోమని కారు కూత పెట్టకుండా కొక్కెం తగిలించేసి, వీపు వెనక్కి తోసి దర్జాగా కూర్చున్నారే, ఆ బెల్టు. సరిగ్గా పెట్టుకుంటే తప్ప బండి కదపనని నేను మొండికేశాను, గుర్తుందా?"

"గుర్తుంది. మార్కులు కూడా తగ్గించాను."

"తగ్గించారా! ఎందుకు?"

"పరీక్షాధికారికి ఎదురు చెప్పినందుకు."

"ఎదురు చెప్పకపోతే ఆ చెప్పు పక్కనే మీ తలకాయ కూడా ఉండేది సార్."

"సరే సరే. ఇప్పుడా సంగతెందుకు? ఈ బెల్టు ఊడదేం?"

"విసురుగా లాగకండి. గట్టిగా లాగినకొద్దీ బిగుసుకుంటుంది. మెల్లగా... ఆఁ, అలా. మీరు ఊపిరి పీల్చుకుంటూ ఉండండి, నేను దిగి బంపరు చూసొస్తాను. గీత పడితే మా ఆడపడుచు నన్ను బతకనివ్వదు. ఇది ఆవిడ కారు."

"చావు తప్పించుకుని బయటపడ్డాం, నీకు ఆడపడుచు బెంగా?"

"చావు ఒక్కసారే వస్తుంది సార్. ఆవిడ ప్రతి ఆదివారం వస్తుంది."

"వెళ్లు, వెళ్లు. తొందరగా రా, నన్నొక్కణ్ణీ వదిలి..."

"వచ్చేశాను. ఏమీ కాలేదు. నంబరు ప్లేటుకి కాస్త మట్టి, అంతే. పొద మెత్తగా పట్టుకుంది. అవునూ, ఎయిర్‌బ్యాగులు రాలేదేం సార్? పాడైపోయాయా? ఆవిడకి అదొకటి చెప్పుకోవాలా నేను?"

"పాడవడం కాదమ్మా. అవి ఊరికే రావు. గట్టిగా గుద్దుకుంటేనే వస్తాయి. పొద తగిలినందుకల్లా విచ్చుకుంటే, వాటి దెబ్బకే మన ముక్కులు చితికేవి. ఇవాళ వాటిదాకా రానివ్వకుండా మిగతావే పని కానిచ్చేశాయి. బ్రేకు తొక్కినప్పుడు నీ కాలి కింద టకటకమని కొట్టుకుందా?"

"కొట్టుకుంది సార్! ఏదో విరిగిందనుకున్నాను. అయినా కాలు తీయలేదు."

"అదే ఏబీఎస్. చక్రం బిగుసుకుపోతే జారుతుంది. తిరిగే చక్రమే స్టీరింగ్ మాట వింటుంది. అందుకని అది పట్టి వదులుతుంది, పట్టి వదులుతుంది, మన కన్ను మూసి తెరిచేలోగా ఎన్నోసార్లు. చాలామంది ఆ చప్పుడికి జడుసుకుని కాలు తీసేస్తారు. నువ్వు తీయకపోవడం మంచి పని."

"రాసుకోండి సార్."

"ఏమిటి?"

"మంచి పని అన్నారుగా. మార్కుల్లో రాసుకోండి."

"మధ్యలో అడ్డురాకు. ఆ తరవాత కారు తోక పక్కకి ఈడ్చుకుపోయింది. అప్పుడిక్కడ స్టీరింగ్ ముందు మీటర్లలో పసుపు దీపం మినుకుమినుకుమని ఉంటుంది."

"మినుకుమంది! మీరు కళ్లు మూసుకున్నారు కదా, ఎలా తెలిసింది?"

"చదివానమ్మా. స్టెబిలిటీ కంట్రోల్ అంటారు. నువ్వు తిప్పిన వైపు కాకుండా కారు ఇంకెటో పోతోందని పసిగట్టి, ఏ చక్రాన్ని ఆపాలో ఆ ఒక్కదాన్నే పట్టుకుని కారుని దారికి తెస్తుంది. మనిషికి నాలుగు చక్రాలకీ కలిపి ఒక్కటే పెడలు. దానికి నాలుగూ విడివిడిగా చేతిలో ఉంటాయి. ఇక నీ తల వెనక దిండు లాంటిది ఉంది చూశావా? అది కునుకు తీయడానికి కాదు, వెనకనుంచి ఎవడైనా గుద్దితే మెడ విరగకుండా..."

"అబ్బ! ఎంత బాగా చెబుతున్నారు సార్."

"ఈ పాఠంలో మా ఆఫీసు మొత్తానికి నన్ను మించినవాడు లేడు."

"అయితే ఒక్క సందేహం. మీరు పెన్నుతో డాష్‌బోర్డు మీద కొట్టారు. కొడితే సడన్ బ్రేకు వేయాలన్నారు, వేశాను. మలుపులో కొట్టకూడదుగానీ, పోనీ కొట్టారు. అయినా కారు తిన్నగానే ఆగబోయింది. మరి తోక ఎందుకు జారింది?"

"తడి రోడ్డు."

"ముందు చక్రాల కింద తడి లేదా?"

"ఎవడో నూనె ఒలకబోసుంటాడు."

"దిగి చూశాగా, నూనె చుక్క లేదు. సార్, హ్యాండ్‌బ్రేకు లాగిందెవరు?"

"ఏ హ్యాండ్‌బ్రేకు?"

"మనిద్దరి మధ్య ఉన్నది. మీ చెయ్యి మళ్లీ దానిమీదే ఉంది."

"ఊరికే పట్టుకున్నాను."

"ఇప్పుడు పట్టుకున్నారు. ఇందాక 'అమ్మోయ్' అని లాగారు."

"మనిషికి పట్టు దొరకద్దా మరి! పైన పిడికోసం వెతికాను, కనబడలేదు. ఇది కనబడింది."

"అది లాగితే వెనక చక్రాలు బిగుసుకుపోవూ? పాపం ఆ స్టెబిలిటీ ఏదో నాలుగు చేతులతో పట్టుకుంటుంటే, మీరు వెనకనుంచి లాగేశారు! నేను మీ చెయ్యి విదిలించి దాన్ని కిందికి దించబట్టి సరిపోయింది."

"విదిలించడం కాదు, కొట్టావు. వేలు వాచింది. అది కూడా రాయాలి."

"అన్నీ రాద్దురుగానీ, ముందు ఫలితం చెప్పండి."

"ఫలితమేముంది? పరీక్షలో బండి అదుపు తప్పితే ఫెయిల్. రూలు."

"తప్పించింది మీరు!"

"ఎవరు తప్పించారని రూల్లో లేదమ్మా. తప్పిందా, తప్పలేదా, అంతే."

"సార్, మీకు దండం పెడతాను. సాయంత్రంలోగా లైసెన్సు చూపించకపోతే మా బడి వ్యాను నాకివ్వకుండా, ఇప్పుడు నడుపుతున్న హెడ్‌మిస్ట్రెస్ గారి మరిదికే ఖాయం చేసేస్తారు. వాడు చెవిలో ఫోను పెట్టుకుని మోచేత్తో నడుపుతాడు. నేనా వ్యానులో ఆయాని. వాడు బ్రేకు వేసినప్పుడల్లా చిన్నపిల్లల్ని చేతికి ఒకరు చొప్పున అదిమి పట్టుకుంటాను. నాకున్నవి రెండు చేతులు. మిగతావాళ్లని ఎవరు పట్టుకోవాలి సార్?"

"నా చేతుల్లో ఏమీ లేదమ్మా."

"ఉంది సార్. హ్యాండ్‌బ్రేకుంది."

"ఇదిగో, ఇలా మాట్లాడితేనే... ఫెయిల్. కొట్టేశాను. సంతకం కూడా పెట్టేశాను. వచ్చే నెల రా. ఇక పద, ఆఫీసుకి పోనియ్యి."

"ఎవరు?"

"నువ్వే. ఇంకెవరున్నారిక్కడ?"

"నేనెలా పోనిస్తాను? ఫెయిలయ్యాను కదా."

"వచ్చేటప్పుడు నడిపావుగా!"

"అప్పటికి ఫెయిలవలేదు. బండి అదుపులో పెట్టడం చేతకాదని ఇప్పుడు మీరే సంతకం పెట్టారు. అలాంటిదాని పక్కన మిమ్మల్నెలా కూర్చోబెట్టుకోను? రేపు మీ ఇంట్లో అమ్మగారికి నేనేం జవాబు చెప్పాలి? ఇటు రండి, మీరే నడపండి."

"నేనా?"

"మీరే."

"నాకు మోకాలు నొప్పి."

"ఇందాక లేదే?"

"ఇప్పుడొచ్చింది. పైగా కళ్లజోడు కూడా..."

"మీ ముక్కు మీదే ఉంది."

"అసలు పరీక్షకొచ్చినవాళ్ల బండి అధికారి నడపకూడదు. రూలు."

"ఏ రూలు సార్?"

"ఉంటుంది. ఎక్కడో ఉంటుంది. పోనీ, నడిచి పోదాం."

"ఈ కారుని ఇక్కడ వదిలేసా? మన తోక ఇంకా రోడ్డు మీదే ఉంది. వెనక సిమెంటు లారీ హారను వినబడడం లేదూ?"

"ఆ లారీ అతన్నే వచ్చి తీయమను."

"అడుగుతాను. అన్నా! ఓ లారీ అన్నా! ఈ కారు కాస్త... ఏంటీ? ఆఁ... ఆఁ... సార్, ఆయన మీకు నమస్కారం చెబుతున్నాడు. ఆయన్ని పాస్ చేసింది మీరేనట. 'అంత పెద్ద సారు ముందు నేను స్టీరింగ్ పట్టుకుంటానా, సారు తీస్తుంటే చూసి నేర్చుకుంటాను' అంటున్నాడు. లారీలోంచి క్లీనర్ని కూడా దింపాడు, చూడడానికి."

"వీడొకడు నా ప్రాణానికి!"

"ఇంకో దారుంది సార్. ఆ కాగితం చింపేసి కొత్తది రాయండి. మిమ్మల్ని క్షేమంగా, మెత్తగా తీసుకెళ్లి దింపుతాను."

"రాసింది రాసిందే! నేను కాగితం మార్చే మనిషిని కాను. దిగు. దిగమంటుంటే! ఇటొచ్చి కూర్చో. నేనెవరనుకున్నావు?"

"కూర్చున్నాను. బెల్టు పెట్టుకోండి సార్."

"పెట్టుకున్నాను."

"వీపు వెనక్కి కాదు."

"ముందుకే పెట్టుకున్నానమ్మా!"

"అద్దం సర్దుకోండి."

"నాకు నేర్పుతావా?"

"లారీ అన్న మీకోసం రోడ్డంతా ఆపి నిలబడ్డాడు. ఇక రివర్సు తీయండి."

"తీస్తాను. తొందరపెట్టకు."

"సార్..."

"ఊఁ."

"ఏమిటి, కిందికి వంగి చూస్తున్నారు?"

"ఏం లేదు. అమ్మా... ఈ మూడింటిలో బ్రేకు ఏది?"