కంబగిరి కొలిచిన ముద్ద

కంబగిరి అని ఒకాయన ఉండేవాడంట, మన పక్క ఊళ్లోనే అనుకో. ఆయన పోగులేస్తే ఇంక మారుమాట లేదు. పది ఇండ్లోళ్లు కలిసి పొట్టేలును కోస్తారు చూడు, అప్పుడు ఆకులు పరిచి, ఆకుకొక పోగు పెట్టేది ఆయనే. కారిజం ఇంత, ఎముక ఇంత, కొవ్వు ఇంత, అన్ని పోగులూ ఒకటే. ఆఖరున తోక మిగిల్తే దాన్నీ పది ముక్కలు చేసేవాడంట. పెద్దింటోడని ఒక ముక్క ఎక్కువ లేదు, కూలోడని ఒక ముక్క తక్కువ లేదు. పోగేసినాక ఒకరి ఆకులోది ఇంకొకరి ఆకులోకి మార్చేది లేదు. అది ఆయన కట్టుబాటు. తాగడు, అబద్ధమాడడు, ఒకరి సొమ్ముకు ఆశపడడు. నేను చెప్పేది చెడ్డోని కథ కాదబ్బా. చెడ్డోడైతే ఊరే బుద్ధి చెప్పుండేది.

ఆయన పెండ్లాం ముందే పోయింది. ఇంట్లో ఎవరెవరంటే, పండ్లన్నీ ఊడిపోయిన ఆయన తల్లి సుంకమ్మ, ఆమెను అందరూ జేజి అంటారు. కొడుకులు ఇద్దరు, పెద్దోడు మద్దిలేటి, చిన్నోడు ఉరుకుందు. పెద్దకోడలు తిమ్మక్క, ఆమెకు రెండేండ్ల ఆడపిల్ల. చిన్నకోడలు ఈరమ్మ, కడుపుతో ఉంది. వేవిళ్లు పోయి ఐదో నెలలో ఆకలి మొదలవుతాది చూడు, ఆడోళ్లకు తెలుసులే, మగోళ్లకు చెప్పినా తెలీదు, ఆ ఆకలి పట్టుకునింది ఆ పిల్లను. పొయ్యి కాడ ఉండేది జేజి కదా, ఈరమ్మ ఒక ముద్ద తిన్నాక ఇంకో అరముద్ద వేసి, పైన ఇంత నెయ్యి పోసేదంట. తిమ్మక్క చూసింది. ఊరుకుంటాదా? "ఏం జేజీ, చిన్నకోడలు వచ్చినాక నీ చెయ్యి బాగా పెద్దదైందే! నా కాన్పుకు నీ నేతిగిన్నె యాడ దాక్కునింది?" అనిందంట. ఈరమ్మ మాత్రం తక్కువా? "నీ కాన్పుకు నువ్వు మీ అమ్మగారింట్లో ఆరునెల్లు కూర్చుని తిని వచ్చినావక్కా. నాకు అమ్మ యాడుంది?" అనింది. మాటకు మాట పెరిగి, తెడ్డు ఒకరు లాక్కునేది, గిన్నె ఒకరు లాక్కునేది. కంబగిరి నడవలో కూర్చుని అంతా విన్నాడు. ఊరికంతా పోగులేసేటోడు, ఆయన ఇంట్లోనే పక్షపాతం అనే మాట పుట్టింది. తల కొట్టేసినట్టు అయ్యిందంట.

మర్నాడు ఏమైందంటే, వడ్లాయన కాడికి పోయి ఒక చెక్కగిన్నె చేయించుకుని వచ్చినాడు. అందర్నీ పిలిచినాడు. దీన్నిండా జొన్నసంగటి తీసి బోర్లిస్తే ఒక ముద్ద, మనిషికి పూటకొక ముద్ద, గరిటెడు పప్పు, చెంబుడు మజ్జిగ, నాకైనా అంతే, దున్నేటోనికైనా అంతే, ఒకరు తినే తట్టలోది ఇంకొకరు ముట్టుకోగూడదు అన్నాడంట. ఊరు ఊరంతా మెచ్చుకునింది, ఇల్లంటే ఇట్లుండాల అని. తిమ్మక్క కూడా నోరు మూసుకునింది.

ఇంక చూడండి ఆ న్యాయం. రెండేండ్ల పిల్లకూ అదే ముద్ద. అది రెండు పిసర్లు తిని మిగిలింది తలకు పూసుకునేది. ఆ మిగిలింది కుక్కకు పోవచ్చు, మనిషికి పోగూడదు, కట్టుబాటు కదా. దున్ని వచ్చిన కొడుకులు ఒక్క ముద్ద తిని, వేళ్లు నాకి, మాట్లాడకుండా లేచి బజ్జీల అంగడికి పోయేటోళ్లు. మగోళ్లకు అంగడి ఉంది. జేజికి ముద్ద గొంతు దిగదు. "ఒరే కంబగిరీ, నాకు ఇంత జావ కాచి పోయండ్రా, నా ముద్ద ఆ కడుపుతో ఉండే పిల్లకు పెట్టండి" అనిందంట. "నీకు జావ పోస్తే తల్లికి తక్కువ పెట్టినాడనే మాట నాకొస్తాదమ్మా" అన్నాడు. ఈరమ్మ ఏం చేస్తాది? తన ముద్ద తిని, కడుపు నిండా నీళ్లు తాగి పడుకునేది.

ఏడో నెల వచ్చింది. ఈరమ్మ మొగం పాలిపోయి, కండ్ల కింద గుంటలు పడినాయి. ఇంక తాళలేక తలుపు చాటున నిలబడి మామను అడిగింది. "మామా, నాకు చాలడంలేదు." కంబగిరి కోపం చేసుకోలేదు. ఆయనకు కోపం రాదు, అదే వచ్చిన చిక్కు. "నీ మొగుడు పొద్దంతా మడక దున్ని ఒక ముద్దకు లేస్తాండాడు కదమ్మా, ఇంట్లో ఉండేదానివి నీకెందుకు చాలదు?" అన్నాడు. "నేను తినేది ఇద్దరికి మామా" అనింది. ఆయన కాసేపు ఆలోచన చేసినాడంట, నిజంగానే ఆలోచన చేసినాడు. చేసి, "పుట్టనోనికి పోగు యాడుంటాదమ్మా? పుట్టనీ. పుట్టిన పూటే ఒక ముద్ద ఎక్కువ వండమని నేనే చెప్తా" అన్నాడు.

ఒకనాడు జేజి పెరట్లోకి పోయింది. ఈరమ్మ గోడకు ఆనుకుని, గోటితో మన్ను గీరి నోట్లో వేసుకుంటాంది. ఆ పొద్దు నుంచి తన ముద్దలో సగం కొంగులో కట్టుకుని పోయి ఈరమ్మకు పెట్టేదంట. తిమ్మక్కకు తెలుసు, కానీ ఈసారి నోరు తెరవలేదు. పదైదు దినాలు నడిచింది. ఈరమ్మ మొగాన ఇంత రంగొచ్చింది. అంతలో కంబగిరి చూసినాడు, తల్లి కొంగు తడిగా ఉండేది. "ఏందమ్మా ఇది? పంచినాక మార్చేది లేదని నేను ఊరికి చెప్తాంటే, నా తల్లే మారుస్తాందా?" అన్నాడు. ముసలామె ఏమనిందంటే, "నువ్వు నా కడుపులో ఉన్నప్పుడు మా అత్త తన తట్టలోది తీసి నాకు పెట్టిందిరా. ఇది ఎవురి పోగు అని నేను అడగలా. అడిగింటే నువ్వుండవు" అనింది. కంబగిరి ఆ పూట నుంచి తల్లికి ఎదురుగా కూర్చుని, ముద్ద అయిపోయేదాకా లేచేటోడు కాదు. జేజి నమలలేని నోటితో ఆ ముద్దంతా మింగి, కడుపునొప్పితో మంచం పట్టింది.

ఎనిమిదో నెల దాటి పది దినాలకు ఈరమ్మ నొప్పులు పడింది. మంత్రసాని లింగమ్మ వచ్చింది. పొద్దు నడినెత్తికి వచ్చేటప్పటికి ఆడబిడ్డ పుట్టింది, చేటలో వేస్తే చేట మూల కూడా నిండలేదంట. తల్లికి రొమ్ములు చూస్తే పాలు లేవు. ఇంతలో కంబగిరి వచ్చినాడు. ఏం తెచ్చినాడనుకుంటారు? మాట తప్పనోడు కదా. గిన్నెతో కొలిచి ఒక ముద్ద ఎక్కువ చేయించి, తట్టలో పెట్టుకుని తెచ్చి, గడప కాడ పెట్టినాడు, బిడ్డకని. లింగమ్మ ఆ ముద్దను చూసింది, ఆయన్ను చూసింది. "కంబగిరన్నా, దీనికి పండ్లొచ్చినాయేమో నోరు తెరిచి చూస్తావా? ఈ ముద్ద నాలుగు నెలల కింద తల్లికి పెట్టింటే ఈ బిడ్డ ఒంట్లో ఇంత కండ ఉండేది. ఇప్పుడు ఎవరికి తెచ్చినావన్నా?" అనిందంట. ఆయన ఆ తట్ట తీసుకుని ఎట్ల పోవాలో తెలీక అట్లే నిలబడినాడు.

లింగమ్మ మేకపాలు కాచి, దూది ముంచి, చుక్క చుక్క వేసింది. చీకే బలం లేదు బిడ్డకు. మూడో దినం మధ్యాన్నం పోయింది. ఉరుకుందు దాన్ని తువ్వాలలో చుట్టుకుని చేని గట్టుకు ఎత్తుకపోయినాడు.

ఆ సాయంత్రం కట్టుబాటును ముందు తప్పింది ఎవరనుకుంటారు? తిమ్మక్క. తన ముద్ద, తన పప్పు, కుండ అడుగున ఉండే నెయ్యి అంతా తెచ్చి ఈరమ్మ పక్కన కూర్చుని కలిపి పెట్టింది. "తిను చెల్లీ. నా నోరే ఇంత చేసింది, తిను" అని ఏడుస్తానే పెట్టింది. జేజి మంచం దిగి జావ కాచింది. కంబగిరి కండ్ల ముందరే తట్టలు మారినాయి. ఆయన లేచి నడవలోకి పోయినాడు. అట్ల ఒక పూట కాదు, మూడు దినాలు కడుపు నిండా తినింది ఆ పిల్ల. తింటే ఏమైంది? పాలు పడినాయి. రవిక తడిసిపోయింది. రొమ్ములు రాళ్లై సలపరిస్తాంటే గిన్నెలోకి పిండుకునింది. ఆ గిన్నె పట్టుకుని నడవలోకి వచ్చి మామ ముందర నిలబడింది. ఈసారి తలుపు చాటున లేదు. "మామా, పాలొచ్చినాయి. ఎవరికి ఇయ్యమంటావు?" అనింది.



తర్వాత ఈరమ్మకు ఇద్దరు పుట్టినారు, బతికినారు, అది వేరే సంగతి. ముక్కులు చీదింది చాలు ఇంక, లేవండి. ఇంటికి పోయి, మీ ఇంట్లో ఆఖరున తినేది ఎవరో, అప్పటికి కుండలో ఏం మిగిలి ఉంటాదో చూడండి, నన్ను మెచ్చుకునేది తర్వాత. కథ చెప్పినందుకు నాకు ఇంత పెద్ద ముద్ద పెట్టినారు, సంతోషం. నాకు ఎనభై దాటినాయి, ఇది నాకెందుకు? ఆ స్తంభం కాడ నిండు కడుపుతో కూర్చుని, కథ మొదలైనప్పటి నుంచి నా తట్ట దిక్కే చూస్తాంది ఆ పిల్ల, ఆమెకియ్యండి. ఇంతసేపు మీలో ఒక్కరూ చూడలేదు, కథ మాత్రం బాగా విన్నారు.