ఒంటి చెప్పు

ముందే ఒప్పుకుంటున్నాను: ఈ తగువులో నేను కూతురి పక్షం. తండ్రి స్కూలు వ్యాన్ డ్రైవరు. క్యాన్సర్ వైద్యం ముగిశాక మొదటిసారి వ్యాన్ షెడ్డుదాకా వెళ్ళి, ఇప్పుడే నడుచుకుంటూ ఇల్లు చేరాడు.

"నాన్నా, చెప్పేది?"

"ఏం చెప్పాలే?"

"చెప్పమనట్లా. కాలికి చెప్పేదీ అంటున్నా. ఒకటే ఉంది."

"రెండోది... బయట విడిచా."

"ఒకటి బయట, ఒకటి లోపల. కొత్త ఫ్యాషనా?"

"జారిపోయుంటుందిలే."

"జారిపోతే తెలీలేదా? కూర్చో ముందు. ఈ ఎడమ కాలేంటి, దిమ్మలా ఉంది?"

"నడిచాగా, నీరు దిగింది."

"రెండు కాళ్ళూ నడిచాయిగా?"

"దానికి కాస్త గారాబం ఎక్కువ."

"ఆపరేషన్లో ఆ పక్క గజ్జల్లో గ్రంథులు తీసేశారు. నీరు వెనక్కెళ్ళే దారి అదేనట. అందుకు కావచ్చు. ఇన్ఫెక్షన్ కావచ్చు, రక్తం గడ్డకట్టినా వాస్తుందట. చూపించాల్సిందే."

"ఎవరు చెప్పారు?"

"ఫోన్లో చదివా."

"ఓహో. ఫోనుకి ఏ మెడికల్ కాలేజీలో సీటొచ్చిందో!"

"రోగం తిరగబెట్టిందంటారని భయమా?"

"భయమా? నాకా?"

"అదీ చూస్తార్లే. సరే, కళ్ళు మూసుకో. కుడికాలు ఇటు చాపు. ఏ వేలు పట్టుకున్నా?"

"బొటనవేలు."

"ఇంకా ముట్టుకోనేలేదు."

"...తొండి."

"తొండి నాదా, నీ కాలిదా?"

"రాత్రిళ్ళు మంటలే తల్లీ, చీమలు కుట్టినట్టు. పగలు దూది మీద నడిచినట్టుంటుంది. అంతే."

"అంతే అంట! కీమో మందులు నరాల్ని దెబ్బతీస్తాయట. కొందరికి నెమ్మదిగా తగ్గుతుందట, నెలలు పడుతుందట."

"తగ్గుతుందిగా మరి."

"సోమవారం నువ్వు డ్యూటీకెక్కేలోపా? పిల్లల్నెక్కించుకుని ఈ కాలితో నడుపుతావా? తాళాలిటివ్వు."

"నా దగ్గర లేవు."

"జేబు చూపించు."

"షెడ్డులో ఇచ్చేశా."

"నువ్వా? అమ్మ వాటిని సవతి అంటుంది. పక్కలో కూడా వదలవు. ఓనరు వద్దన్నాడా?"

"ఆయన రమ్మనే అన్నాడు."

"మరెందుకిచ్చేశావ్? ...నాన్నా. నవ్వట్లేదు నేను."

"ఖాళీ వ్యానే తల్లీ. షెడ్డు గోడకి గుద్దుకుంది. ఆ చప్పుడు వినేదాకా నా కాలు బ్రేకు మీదే ఉందనుకున్నా."