గోడ సుంకం

ఇంగ్లండుకు ఉత్తరాన సరిహద్దు పట్టణం. స్కాట్లు ఏటా వేసవిలో వచ్చిపడుతున్న కాలం. ఉత్తర ద్వారం దగ్గర గోడ కట్టే మేస్త్రి థర్‌స్టన్, సుంకం వసూలు చేసే హామో. పైన బురుజు మీద కాపలావాడు వైమార్క్.

"హామో! సున్నం బండి బయటే నిలబడిందేం? గుర్రం ఏది?"

"వచ్చారా మేస్త్రీ? మీకే కబురు పెడదామనుకుంటున్నా."

"పెట్టలేదుగా! పొద్దుటి నుంచీ నావాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చున్నారు. ముందు బండి లోపలికి తోయించు."

"తోయిస్తా. కాకపోతే... సుంకం."

"ఏ సుంకం?"

"గోడ సుంకం."

"గోడకి వేసే సున్నం మీద గోడ సుంకమా? తాగావా?"

"రాజుగారి పత్రంలో ఉంది మేస్త్రీ. సున్నం, బండికి అర పెన్నీ. ఉప్పుకీ ఉంది, ఉన్నికీ ఉంది, ఉడుత తోళ్ళకీ ఉంది. గోడకి పోయే సున్నాన్ని వదిలెయ్యమని మాత్రం ఎక్కడా లేదు."

"మూడేళ్ళు తిరిగాం ఆ పత్రం కోసం. రాజు డబ్బు పంపాడని చర్చి గంటలు కూడా కొట్టారు. తీరా వచ్చిందేమిటి? మీ ద్వారంలోంచి వచ్చే సరుకు మీద ఐదేళ్ళపాటు మీరే వసూలు చేసుకోండని అనుమతి! పైసా లేదు, మైనం ముద్ర ఉంది."

"పెద్ద ముద్రే. అరచెయ్యంత."

"అయితే పట్టుకెళ్ళి గోడకి పడ్డ గండికి అడ్డం పెట్టు."

"నామీద విసుక్కుంటే ఏం లాభం? సరుకొస్తే సుంకం, సుంకమొస్తే గోడ. వసూలైంది వసూలైనట్టు మీ చేతికే ఇస్తున్నాగా. స్కాట్లు బయల్దేరారని తెలిసాక ఏ వర్తకుడొస్తాడు? ఈ వారమంతా కలిపి రెండు చేపల బుట్టలు, ఒక సన్యాసి. సన్యాసికి సుంకం లేదు."

"ఏడు గజాల గండి, హామో. గుర్రాలు వరసగా దూరొచ్చు."

"ఈ ఒక్క బండితో పూడుతుందా?"

"పూడదు. నడుం ఎత్తు దాటి ఇంకాస్త లేస్తుంది. సున్నం ఆరడానికి నెల కావాలి. ఈలోగా ఎవడైనా భుజం పెట్టి తోస్తే కూలుతుంది."

"మరెందుకు కట్టడం?"

"దూరం నుంచి గోడలా కనిపిస్తుంది. దూరం నుంచే చూసి పోతారేమోనని."

"మేస్త్రిగారూ! పొగ!"

"ఎక్కడ, వైమార్క్?"

"వాగు అవతల. నల్లగా లేస్తోంది. గడ్డివాములు అంటుకున్నట్టున్నాయి."

"ఏ ఊరు?"

"తెలీటం లేదు. పొగ ఇటే కమ్ముకొస్తోంది."

"చూస్తూ ఉండు. విన్నావుగా హామో? ఇదిగో అర పెన్నీ, నా సొంతం. తీసుకుని బండి తోయించు."

"ఉంచండి మేస్త్రీ. అక్కర్లేదు."

"ఇప్పటిదాకా అక్కరైందిగా!"

"అక్కర్లేదన్నానుగా. ఒరే, తోయండ్రా బండి! నలుగురూ పట్టండి!"

"సరే, అవిస్ ఏది?"

"ఎవరు?"

"ఎవరేమిటి, నా కూతురు! మోర్‌బీలో అల్లుడికి సున్నపు బట్టీలో చెయ్యి కాలింది, ఇవాళ సున్నం తనే తోలుకొస్తుందని నిన్న చెప్పాగా."

"గుర్రానికి నీళ్ళు పెట్టడానికి..."

"నుయ్యి లోపలుంది. తను లోపలికి రాలేదు."

"వాగుకి వెళ్ళిందేమో."

"వాగు అవతల తగలబడుతుంటే వాగుకి వెళ్ళిందా?"

"అప్పటికి పొగ లేదు మేస్త్రీ."

"ఎప్పటికి?"

"పొద్దున్నే. ఇంకా మంచు కూడా విడలేదు."

"పొద్దున్నే వచ్చిందా? నూరు అడుగుల దూరంలో ఉన్నాను నేను. నాకు చెప్పవా? ఆపావా దాన్ని? అర పెన్నీ కోసం ఆపావా?"

"ఆపాను. ఆపొద్దా? ఆదివారం చర్చి మెట్ల మీద అందరి ముందూ నన్నేమన్నారు? మా బావమరిది తోళ్ళ బండి ఊరికే వదిలానని, గోడని రాయి రాయీ అమ్ముకు తింటున్నానని అన్నారు. ఇక మీదట ఎవరి బండైనా, తనా పరా అని చూడకుండా సుంకం కట్టించాల్సిందేనని నాచేత ప్రమాణం చేయించారు."

"చేయించాను. దొంగని దొంగన్నాను. ఆ కసి నా పిల్ల మీద తీర్చుకుంటావా?"

"మొదట కసే. అబద్ధం చెప్పను."

"మేస్త్రిగారూ! పొగ విడింది! మోర్‌బీ! తగలబడుతోంది మోర్‌బీ!"

"సరిగ్గా చూడరా!"

"చూసే చెబుతున్నా. మీ అల్లుడి బట్టీ గొట్టం కనిపిస్తోంది. పక్క ఇళ్ళు లేవు. దారి మీద గుర్రాలు... ఇటే వస్తున్నాయి. యాభై, ఇంకా ఎక్కువే."

"వాటి ముందు ఒంటరి గుర్రం ఏదన్నా ఉందా? బూడిద రంగుది? ఆడమనిషి?"

"లేదు మేస్త్రిగారూ. అంతా ఒకటే గుంపు. తలుపులు వేయించండి."

"ఆగు! వెయ్యొద్దు!"

"లోపల తొమ్మిది వందల మంది ఉన్నారు మేస్త్రిగారూ. గండి ఎలాగూ ఉంది, తలుపన్నా వేద్దాం."

"ఆగమన్నానా! హామో, ఇటు చూడు. నేల కాదు, నన్ను చూడు. అర పెన్నీ తెమ్మని నా బిడ్డని మోర్‌బీకి వెనక్కి తోలావు. అవునా కాదా? గట్టిగా చెప్పు. ఇక్కడ మూగిన జనమంతా వినాలి."

"వద్దు మేస్త్రీ. నేనే తోలాననుకోండి. అలాగే ఉండనివ్వండి."

"చెప్పు!"

"అర పెన్నీ లేదంది. సరేలే అమ్మా, ఊరికే వెళ్ళు, ఎవరూ చూడటం లేదు అన్నాను. పోనీ మీ నాన్నని పిలవనా అన్నాను. తనే వద్దంది మేస్త్రీ... 'గోడ డబ్బు మా నాన్న చేతిలో ఉంటుంది, నా సుంకం ఆయనిస్తే ఊళ్ళో ఏమంటారు? గంటలో ఇంటికెళ్ళి తెచ్చేస్తా' అని, నవ్వుకుంటూ గుర్రం విప్పుకుని వెళ్ళింది."